వియన్నగాగ్ని: నగమా, నాగమా?

గుణుపురం నుంచి ప్రశ్న:
గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన పావులూరి మల్లన చదరంగం పద్యం మా పిల్లలకు నేర్పుతున్నాను. అందులో ఒక్కో మాటా ఒక్కో అంకెకు గుర్తు. వాళ్లది ఒడియా మీడియం, తెలుగు పద్యాన్నీ ఒడియా అక్షరాల్లోనే రాసుకుంటారు. ఒకరి నోట్సులో "వియన్నగాగ్ని", మరొకరి నోట్సులో "వియన్నాగాగ్ని" అని ఉంది. నగమైతే 7, నాగమైతే 8. ఏది సరి? పనిలో పని, రంధ్రం అంటే సున్నా అనుకోవచ్చా?

పర్లాకిమిడి నుంచి జవాబు:
నగమే మాస్టారూ. పద్యం ఒకసారి చూడండి.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

చంపకమాల ఇది. "వియన్న" జగణం. దీర్ఘం పెడితే యగణమైపోయి అక్కడే నడక చెడుతుంది. ఛందస్సు రాని పిల్లలకు మాత్రం లెక్కతోనే చూపించండి, ఇంకా బాగా పట్టుకుంటారు.

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తర్వాత గడి గడికీ రెట్టింపు. 64 గళ్లకూ మొత్తం ఎంత? పద్యంలోని మాటలకు అంకెలు వేసి, కుడి నుంచి ఎడమకు చదివితే 18446744073709551615 వస్తుంది. అంటే 64 రెళ్లను ఒకదానితో ఒకటి హెచ్చించి, అందులోంచి ఒకటి తీసేసినది. 11వ శతాబ్దపు మనిషి ఇరవై అంకెల్ని రెండు పాదాల పైచిలుకులో, యతిప్రాసలు తప్పకుండా కూర్చాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ సంఖ్యను 3, 5, 17, 257, 641, 65537, 6700417 భాగిస్తాయి. వీటన్నిటినీ హెచ్చిస్తే మళ్లీ అదే వస్తుంది.  

ఇక మీ పిల్లల పని. అంకెలన్నీ కూడితే 87, మూడుతో పోతుంది. నగం స్థానంలో నాగం పెడితే 88, పోదు. అక్కడికి ఆ తగువు తీరిపోయింది.

రంధ్రం దగ్గర మాత్రం జాగ్రత్త. శరీరానికి నవరంధ్రాలు కాబట్టి అది 9. సున్నాకి ఇందులో వియత్తు, గగనం ఉన్నాయి. కానీ 9 తీసి 0 పెట్టినా కూడిక 78 అవుతుంది, మూడుతో పోతుంది. ఆ పరీక్షకి తప్పు దొరకదు. 17తో భాగించమనండి. అసలు సంఖ్యకు 1085102592571150095 వచ్చి శేషం ఉండదు, తప్పు దానికి 4 మిగులుతుంది. ఏ ఒక్క అంకె మారినా 17 పట్టేస్తుంది. అంకె మారితే వచ్చే తేడా 1 నుంచి 9 దాకా ఏదో ఒక అంకె, దాని పక్కన కొన్ని సున్నాలు. ఎన్ని సున్నాలు చేర్చినా అది 17తో పోదు కదా!

గుణుపురం నుంచి:
రేపే బోర్డు మీద 17తో చేయిస్తాను. ఒడియా అక్షరాల్లో రాసేటప్పుడు "వియత్, నగ, అగ్ని" అని కింద విడదీసి రాయమంటాను.