రాయిల బొక్క (ఎముక) వయసు ఎట్ల లెక్కగడ్తరు? తెలిసినోళ్లు చెప్పుండ్రి
నమస్తే అందరికీ, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత గోదావరిల కలిసే కాడ. మా తాలూకా పోచంపల్లి దగ్గర దొరికిన బొక్కలతోనే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) మ్యూజియంల బారాపాసారస్ డైనోసార్‌ని నిలబెట్టిండ్రు, 1975ల ఠాగూర్ పేరు కలిపి పేరు పెట్టిండ్రు, ఎంత గొప్ప ముచ్చట, కానీ ఇక్కడ శానమందికి తెల్వనే తెల్వదు.

మా పాప ఎనిమిదో తరగతి, మరాఠీ మీడియం. భూమికి 454 కోట్ల ఏండ్లు, ఈ బొక్కలకి సుమారు 18 కోట్లు అంటే "ఎవరు లెక్కపెట్టిండ్రు బాపూ" అన్నది. యురేనియం సీసంగ మారే లెక్క అని చదివిన, అది అగ్నిపర్వతం రాళ్లకి పనికొస్తది గదా, మరి ఒండ్రు గట్టిపడ్డ రాయిల ఉన్న బొక్కకి ఎట్ల? పైన కింద పొరల్ని బట్టా? పిల్లకి అర్థమయ్యేటట్టు తెలుగుల చెప్పుండ్రి. ఆదివారం వడధం ఫాసిల్ పార్కుకి తీస్కపోతున్న, అక్కడ ఏం చూపియ్యాలె?