ఫాన్ బ్రోడీ రాసిన జెఫర్సన్ చరిత్రేనా? డీఎన్‌ఏ పరీక్ష ఆమెను గెలిపించిందా?

నదీతీరం:

అమెరికన్ రచయిత్రి ఫాన్ బ్రోడీ 1974లో ప్రచురించిన థామస్ జెఫర్సన్ జీవితచరిత్రను చరిత్ర రచనగా ఒప్పుకోవచ్చా? ఒప్పుకోకూడదని నా వాదన. ఎందుకో చెబుతాను, కాదనేవారు కారణాలతో కాదనండి.

నేపథ్యం తెలియనివారి కోసం రెండు ముక్కలు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్‌కు, వర్జీనియాలో ఆయన ఎస్టేటు మాంటిసెల్లోలో బానిసగా బతికిన సాలీ హెమింగ్స్‌కు 38 ఏళ్ల సంబంధం ఉందని, ఆమె పిల్లలకు ఆయనే తండ్రి అని బ్రోడీ వాదించారు. ఆరోపణ కొత్తది కాదు. జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉండగానే, 1802లో, జేమ్స్ కాలెండర్ అనే పత్రికా రచయిత రిచ్‌మండ్‌లో దాన్ని అచ్చువేశాడు. జెఫర్సన్ మీద సాధికారికంగా రాసిన డ్యూమస్ మలోన్, మెరిల్ పీటర్సన్ వంటివారు మాత్రం దాన్ని కొట్టిపారేస్తూ వచ్చారు. 1998 నవంబరులో నేచర్ పత్రికలో డీఎన్‌ఏ పరీక్ష ఫలితం వెలువడింది. సాలీ చిన్న కొడుకు ఎస్టన్ వంశంలోని వై క్రోమోజోమ్, అంటే తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించేది, జెఫర్సన్ల మగ వంశంతో సరిపోయింది. అప్పటినుంచి బ్రోడీని ఆకాశానికెత్తడం మొదలైంది.

ఆమె ఆధారాలను ఎలా వాడుకున్నారో చూడండి. 1788లో హాలండ్, రైన్ నదీ ప్రాంతాల్లో తిరుగుతూ రాసుకున్న నోట్సులో నేల రంగును వర్ణించడానికి జెఫర్సన్ ‘ములాటో’ అనే మాటను ఎనిమిదిసార్లు వాడాడు. తెల్లవారికీ నల్లవారికీ పుట్టినవారినీ ఆ మాటతోనే పిలిచేవారు. కనుక ఆ ప్రయాణమంతా ఆయన మనసు పారిస్‌లో ఉన్న సాలీ మీదే ఉందని బ్రోడీ సూచించారు! నేల రంగుకు ఆ మాట వాడటం అప్పటి అమెరికన్లకు మామూలే. నేల గురించి రాసిన మనిషి నేల గురించే రాశాడని అనుకోవడానికి అడ్డేమిటి? గ్యారీ విల్స్ న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో ఈ పుస్తకాన్ని చీల్చి చెండాడింది ఇలాంటి చోట్ల చూసే.

చివరికి ఆమె చెప్పిందే నిజమైంది కదా అంటారు. లెక్క తప్పుగా చేసి జవాబు మాత్రం సరిగా వేసిన పిల్లవాడికి ఏ మాస్టారూ పూర్తి మార్కులు వేయరు.

పాతకాగితం:

నదీతీరం గారూ, ఆ ‘ములాటో’ పేరా నాకూ మింగుడుపడదు. కానీ 500 పేజీలు దాటిన పుస్తకం ఆ పేరా మీద నిలబడి లేదు. అది దేని మీద నిలబడిందో మీరు ప్రస్తావించనేలేదు.

1873లో ఒహాయో రాష్ట్రంలో పైక్ కౌంటీ రిపబ్లికన్ అనే చిన్న పత్రికలో సాలీ కొడుకు మాడిసన్ హెమింగ్స్ చెప్పిన జీవితకథ వచ్చింది. తన తల్లి జెఫర్సన్ కూతురికి తోడుగా ఫ్రాన్స్ వెళ్లిందని, ఆ దేశ చట్టం ప్రకారం అక్కడ స్వేచ్ఛ పొందగలిగి కూడా, పుట్టబోయే పిల్లలకు 21 ఏళ్లు రాగానే విడుదల ఇస్తానని జెఫర్సన్ మాట ఇస్తే తిరిగివచ్చిందని ఆయన అందులో చెప్పాడు. అంటే, కొడుకు స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం! దాదాపు వందేళ్లు పండితులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బానిసత్వాన్ని వ్యతిరేకించే సంపాదకుడు రాయించిందని ఒకరు, గొప్పింటి రక్తం తనదని చెప్పుకొనే ఆరాటమని మరొకరు పక్కన పెట్టేశారు. బ్రోడీ దాన్ని తన పుస్తకం చివర అనుబంధంగా పూర్తిగా అచ్చువేసి పాఠకుల చేతిలో పెట్టారు.

పెట్టి ఊరుకోలేదు, సరిచూశారు. సాలీ ప్రతి కాన్పుకూ తొమ్మిది నెలల ముందు జెఫర్సన్ మాంటిసెల్లోలోనే ఉన్నాడని 1968లో విన్‌త్రాప్ జోర్డన్ గుర్తించాడు. చిత్రమేమిటంటే ఆ తేదీలు దొరికింది ఈ సంబంధాన్ని ఒప్పుకోని మలోన్ తయారుచేసిన కాలక్రమంలోనే. జెఫర్సన్ సొంత వ్యవసాయ లెక్కల పుస్తకంలో ఆ పిల్లల పుట్టుకలు నమోదై ఉన్నాయి. వారిలో బెవర్లీ, హ్యారియెట్ 1822లో ఎస్టేటు విడిచి వెళ్లిపోతే వెతికించలేదు. మాడిసన్, ఎస్టన్‌లకు 1826 నాటి వీలునామాలో విడుదల దక్కింది. పిల్లలంతా స్వేచ్ఛ పొందిన కుటుంబం మాంటిసెల్లోలో ఇదొక్కటే. ఇవన్నీ ఊహలా?

రెండో వైపు సాక్ష్యాన్ని ఇంత గట్టిగా ఎవరూ నిలదీయలేదు. సాలీ పిల్లల తండ్రి పీటర్ కార్ అని జెఫర్సన్ మనవడు అన్నాడు. మనవరాలు ఎలెన్ కాదు, శామ్యూల్ కార్ అంది. అన్నదమ్ములిద్దరూ జెఫర్సన్ మేనల్లుళ్లే. ఒకే ఇంటివారు ఇద్దరు రెండు పేర్లు చెబితే నమ్మిన పండితులు, తన తల్లి గురించి మాడిసన్ చెప్పిన ఒకే మాటను నమ్మలేదు. న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఆనెట్ గోర్డన్-రీడ్ 1997లో, అంటే డీఎన్‌ఏ ఫలితం రాకముందే, సరిగ్గా ఈ పక్షపాతాన్ని పుస్తకమంతా విప్పి చూపించారు.

బ్రోడీ ఇలాంటి సాక్ష్యాన్ని చెవిపెట్టి వినడం ఎక్కడ నేర్చుకున్నారో కూడా చెప్పాలి. ఆమె 1915లో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో పుట్టి హంట్స్‌విల్ అనే చిన్న ఊళ్లో పెరిగారు. తండ్రి, అమెరికాలో పుట్టిన మోర్మన్ చర్చి అనే మతశాఖ పెద్దల్లో ఒకరు. పెదతండ్రి డేవిడ్ ఓ. మెకే తరవాత ఆ చర్చికే అధ్యక్షుడయ్యాడు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి ముప్ఫై ఏళ్లకే, 1945లో, ఆ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ జీవితచరిత్ర రాశారు. చర్చి తోసిపుచ్చిన పొరుగువారి వాంగ్మూలాలను, పాత పత్రికలను తీసి చదివారు. మరుసటి ఏడే చర్చి ఆమెను వెలివేసింది. జోసెఫ్ స్మిత్‌కు 48 మంది భార్యలని ఆమె జాబితా కడితే అప్పట్లో అది దూషణ అయింది. 2014లో చర్చి తానే 30 నుంచి 40 మంది అని రాసుకుంది.

1959లో థాడియస్ స్టీవెన్స్ మీద రాశారు. అంతర్యుద్ధం తరవాత నల్లవారి హక్కుల కోసం పోరాడిన ఆ నాయకుణ్ని అప్పటి పాఠ్యపుస్తకాలు కక్షగట్టిన రాక్షసుడిగా చూపేవి. ఆమెకు చరిత్రలో డాక్టరేటు లేదు, చదివింది ఆంగ్ల సాహిత్యం. ముగ్గురు పిల్లల తల్లిగా ఇంటి దగ్గరే ఉండి రాశారు. లాస్ ఏంజలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి పిలుపు వచ్చేసరికి యాభై దాటాయి. ఆమె మీద విమర్శల్లో సగం ఈ డిగ్రీ లేమి నుంచి పుట్టినవేనని నా నమ్మకం.

మూడో బెంచి:

పాతకాగితం గారు జోసెఫ్ స్మిత్ పుస్తకాన్ని సగమే చెప్పారు. ఆ పుస్తకంలో ఓలివర్ బ్యూయెల్ అనే అతని ప్రస్తావన ఉంది. అతను జోసెఫ్ స్మిత్ కొడుకేనని చెప్పడానికి బ్రోడీ ఒక ఫోటోలోని ముఖ పోలికను గట్టి ఆధారంగా చూపారు. 2000 తరవాత చేసిన డీఎన్‌ఏ పరీక్షలో అది కాదని తేలింది. జెఫర్సన్ విషయంలోనూ పారిస్‌లో కడుపున పడి 1790లో పుట్టిన కొడుకే తరవాత థామస్ వుడ్సన్‌గా పేరుపొందాడని ఆమె భావించారు. 1998 పరీక్షలో వుడ్సన్ వంశం సరిపోలేదు.

డీఎన్‌ఏని న్యాయమూర్తిగా కూర్చోబెడితే తీర్పు అంతా వినాలి. ఎస్టన్ తీర్పును చాటింపు వేసి, వుడ్సన్, బ్యూయెల్ తీర్పులను మూలన పడేయడం న్యాయం కాదు.

ఇంకొకటి. 1971లో జోసెఫ్ స్మిత్ పుస్తకాన్ని మళ్లీ వేసినప్పుడు ఆమె ఒక అనుబంధం జోడించి, మోసగాళ్ల మనస్తత్వం మీద మనోవిశ్లేషకులు రాసిన సిద్ధాంతాన్ని ఆయనకు అన్వయించారు. చనిపోయి వందేళ్లు దాటిన మనిషిని మంచం మీద పడుకోబెట్టి వైద్యుడు ప్రశ్నలు అడగగలడా? చివరి పుస్తకం అమెరికా మాజీ అధ్యక్షుడు నిక్సన్ మీద. ఆయన అబద్ధాల మూలం బాల్యంలో ఉందని వెతుక్కుంటూ పోయారు. నిక్సన్ మీద ఆమెకున్న ఏవగింపు ఆ పుస్తకంలో కనిపిస్తూనే ఉంటుంది.

తాటాకు:

అందరూ తండ్రి ఎవరన్న దగ్గరే ఆగిపోయారు. బ్రోడీ మీద నాకున్న అసలు కోపం వేరు. ఆమె ఆ సంబంధాన్ని ప్రేమకథగా రాశారు. అది వ్యభిచారం కాదని, ఇద్దరినీ కట్టిపడేసిన గాఢానురాగమని పదేపదే చెప్పారు. జెఫర్సన్ నీచుడు కాడని పాఠకులను ఒప్పించడానికి ఆ దారి అవసరమైందేమో.

సాలీ వయసు చూడండి. పారిస్‌లో ఆమెకు పద్నాలుగు నుంచి పదహారు. ఆయనకు నలభై దాటాయి. చట్టం ఆమెను ఆయన ఆస్తిగా లెక్కకట్టింది. పైగా ఆమె జెఫర్సన్ చనిపోయిన భార్య మార్తాకు సవతి చెల్లెలు. ఇద్దరి తండ్రీ జాన్ వేల్సే. ఆ ఇంట్లో యజమాని, బానిస స్త్రీ, వారి పిల్లలు అనే కథ ఒక తరం ముందే జరిగిపోయింది. సాలీ స్వయంగా రాసిన ఒక్క అక్షరం కూడా మిగలలేదు. మిగలని మనసులో ప్రేమ ఉందని రాసే హక్కు ఎక్కడిది? మాడిసన్ తన వాంగ్మూలంలో ఒప్పందం గురించి చెప్పాడు. పిల్లల కోసం తల్లి ఆడిన బేరం అది. తండ్రికి తమ మీద ప్రేమ చూపే అలవాటు లేదని కూడా చెప్పాడు. బ్రోడీ ఆ సాక్షిని పిలిచి కూర్చోబెట్టి, ఆయన చెప్పని మాటను తానే పూరించారు.

2008లో గోర్డన్-రీడ్ హెమింగ్స్ కుటుంబం మొత్తం మీద రాసిన పుస్తకంలో సాలీ ఒక కుటుంబంలోని మనిషిగా, తల్లితో, అన్నలతో, అక్కలతో కనిపిస్తుంది. ఆమె జీవితం జెఫర్సన్ హృదయానికి వివరణగా మిగిలిపోదు. నా దృష్టిలో ఆ పని పూర్తయింది అక్కడే.

నదీతీరం:

తాటాకు గారూ, మీ మాటలతో నా వాదన ఇంకా బలపడింది. సాక్షి చెప్పనిది పూరించడమే నేను ఎత్తిచూపిన దోషం.

పాతకాగితం గారికి ఒక ప్రశ్న. వై క్రోమోజోమ్ మగవంశాన్ని చూపిస్తుంది కానీ మనిషిని వేలుపెట్టి చూపించదు. జెఫర్సన్‌కు వారసుడిగా మగబిడ్డ మిగలలేదు కాబట్టి పోల్చింది ఆయన పెదతండ్రి వంశంతోనే. ఆ లెక్కన ఆయన తమ్ముడు రాండాల్ఫ్ కూడా తండ్రి కావచ్చు కదా? 2001లో కొందరు పండితులు కలిసి ఇచ్చిన నివేదికలో ఎక్కువమంది ఆ అనుమానమే వ్యక్తం చేశారు.

పాతకాగితం:

కావచ్చు అనడానికి పరీక్ష ఒక్కటే అడ్డురాదు. మిగతా సాక్ష్యం అడ్డువస్తుంది. మాంటిసెల్లోను నడిపే సంస్థ 2000లో అన్నిటినీ కలిపి చూసి, ఆరుగురు పిల్లలకూ జెఫర్సనే తండ్రి అయివుండే అవకాశం చాలా ఎక్కువని తేల్చింది. జెఫర్సన్ మనవలు ఆయన్ను కాపాడుకోవడానికి చెప్పిన పేర్లలో రాండాల్ఫ్ లేడు. కార్ సోదరులు ఉన్నారు. డీఎన్‌ఏ సరిపోలక తొలగిపోయింది ఆ కార్ వంశమే. ఆ తలుపు మూసుకున్నాకే రాండాల్ఫ్‌ను బయటికి తెచ్చారు.

మూడో బెంచి గారు చెప్పిన వుడ్సన్ సంగతి చాలా విలువైనది, దాన్ని ఇంకొంచెం తవ్వాలి. మాడిసన్ తన కథలో ఏమన్నాడు? పారిస్‌లో కడుపున పడిన బిడ్డ పుట్టాక కొద్దికాలమే బతికిందన్నాడు. బ్రోడీ అక్కడ మాత్రం మాడిసన్‌ను వదిలి కాలెండర్ రాతలను, వుడ్సన్ కుటుంబ కథను నమ్మారు. డీఎన్‌ఏ ఆమెకు ఎదురుతిరిగింది అక్కడే. ఫోటోలో పోలిక చూసి బ్యూయెల్‌ను కొడుకన్నప్పుడూ అంతే. మాడిసన్ చెప్పినదాన్ని రికార్డుతో సరిచూసుకుంటూ నడిచినంత దూరం ఆమె తప్పటడుగు వేయలేదు. తాటాకు గారి కోపం కూడా ఆ వాంగ్మూలం నుంచి పక్కకు జరిగిన చోటు మీదే.

అందుకే ఆ పుస్తకాన్ని ఒకే ముద్దగా తీసుకుని చరిత్ర అనో కాదనో తేల్చడం నాకు సమ్మతం కాదు. 1974లో పండితులు చేసిన అన్యాయమే అది. ‘ములాటో’ పేరాను వెక్కిరిస్తూ మాడిసన్ వాంగ్మూలాన్ని కూడా దానితో కలిపి బుట్టదాఖలు చేశారు.

డీఎన్‌ఏ బ్రోడీని గెలిపించిందా అన్న ప్రశ్నలో ఒక విషయం మరుగున పడుతోంది. ఎస్టన్ 1850ల్లో ఇంటిపేరు జెఫర్సన్‌గా మార్చుకుని, విస్కాన్సిన్‌లో తెల్లవారిలో కలిసిపోయాడు. తరవాతి తరాలు తమది జెఫర్సన్ తండ్రి సోదరుడి వంశమని చెప్పుకుంటూ వచ్చాయి. 1974లో బ్రోడీ పుస్తకం చదివిన ఎస్టన్ సంతతివారు అందులోని ఎస్టన్ పేరు తమ పెద్దలు చెప్పే కథల్లోనిదేనని గుర్తుపట్టి ఆమెను కలుసుకున్నారు. 1976లో అమెరికన్ హెరిటేజ్ పత్రికలో ఆమె ఆ వంశం గురించి రాశారు. 1998లో శాస్త్రవేత్తలకు రక్తనమూనా ఇచ్చింది ఆ వంశంలోని పురుషుడే. ఆమె 1981 జనవరిలో క్యాన్సర్‌తో పోయారు, నిక్సన్ పుస్తకం అచ్చులో చూసుకోకుండానే. పరీక్షకు ఎవరి నమూనా అడగాలో మాత్రం ఆమె పుస్తకం వల్లే తెలిసింది.