పరిగె: రూతు ఏరుకున్నది దానమా, హక్కా?

బైబిల్లోని రూతు కథలో వచ్చే ‘పరిగె’ అనే మాట సండే స్కూలు పిల్లలకు అర్థం కావడం లేదని, ఎలా చెప్పాలని ఒక చెల్లెలు గ్రూపులో అడిగింది. జవాబు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

కోసేటప్పుడు కొడవలికి అందక నిలిచిపోయినవి, పిడికిట్లోంచి జారినవి, పనలు మోసేటప్పుడు రాలినవి, ఆ వెన్నులే పరిగె. కోతలయ్యాక ఆడవాళ్లూ పిల్లలూ చేలో వంగి ఒక్కొక్క వెన్నూ ఏరి, ఒళ్లో వేసుకుని, ఇంటికి తెచ్చి దులుపుకునేవాళ్లు. హార్వెస్టర్ వచ్చాక చాలా ఊళ్లలో ఆ పనీ పోయింది, మాటా పోతోంది. అందుకే పిల్లలకు తెలియడం లేదు. వాళ్లను ఒక్కసారి కోసిన చేలోకి తీసుకెళ్లి తలా నాలుగు వెన్నులు ఏరించండి, చాలు.

అయితే అర్థం చెప్పి ఊరుకుంటే కథలో అసలు సంగతి పోతుంది. పొలం యజమాని బోయజు దయగలవాడు కాబట్టి రూతును ఏరుకోనిచ్చాడని చాలా ప్రసంగాల్లో చెబుతుంటారు. నాకు అది సరిగా అనిపించదు. ఏరుకోవడం ఆమెకు మోషే ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు. లేవీయకాండం 19వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చూడండి. పొలం ఓరల దాకా పూర్తిగా కోయకూడదు. రాలినదాన్ని యజమాని తిరిగి ఏరుకోకూడదు. ఒక పన మరచిపోయి వస్తే దానికోసం వెనక్కి వెళ్లకూడదు. అవి బీదలకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు వదిలేయాలి. రూతు మోయాబు అనే పరాయి దేశం నుంచి వచ్చింది, భర్త చనిపోయాడు. ఏ లెక్కన చూసినా ఆ చేలోకి దిగే అధికారం ఆమెకుంది. ఆమె కోసం కావాలనే కొన్ని పిడికెళ్లు పడేయమని పనివాళ్లకు చెప్పాడే, అదీ బోయజు దయ. ఆ సాయంత్రం ఆమె దుళ్లగొట్టి చూస్తే తూమెడు యవలు వచ్చాయి. హీబ్రూలో ఆ కొలత ఏఫా, దాదాపు 22 లీటర్లు. మన అనువాదకులు ‘తూము’ అని మన కొలతే వేశారు.

వ్యాఖ్య: మాస్టారూ, ఒక్క పరిగె దగ్గరే ఆగారేం? ఆదిమ సంఘంలో, అంటే తొలి క్రైస్తవుల్లో, ఆస్తులన్నీ ఉమ్మడి. ‘అక్కర కొలది’ పంచిపెట్టారని అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉంది. మార్క్స్ 1875లో రాసిన సూత్రం అదే కదా. క్రైస్తవం సోషలిజమే అని ఒప్పుకోవడానికి ఇబ్బందేమిటి?

నా జవాబు: ఇబ్బందేమీ లేదన్నా. పోలిక ఉన్నమాట నిజం. మార్క్స్ సూత్రం ‘ఒక్కొక్కరి నుంచి శక్తి కొలది, ఒక్కొక్కరికి అక్కర కొలది’. మీరు చెప్పింది రెండో సగం, మొదటి సగం కూడా అపొస్తలుల కార్యముల్లోనే ఉంది. 11వ అధ్యాయంలో కరువు వస్తుందని విన్నప్పుడు అంతియొకయ శిష్యులు ‘శక్తి కొలది’ యూదయకు సాయం పంపారు. ఇచ్చేటప్పుడు శక్తి కొలది, పుచ్చుకునేటప్పుడు అక్కర కొలది. ఆ వచనాలు చదివి కూడా సమానత్వం మనది కాని మాట అనుకునే విశ్వాసులను చూస్తే నాకు బాధేస్తుంది.

కానీ 5వ అధ్యాయం కూడా చదవాలి. అననీయ పొలం అమ్మి, వచ్చిన సొమ్ములో కొంత దాచుకుని మొత్తం ఇచ్చేశానన్నాడు. అపొస్తలుడు పేతురు అతణ్ని గద్దించింది ఆ అబద్ధానికే. అమ్మకముందు పొలం నీదే కదా, అమ్మాక సొమ్మూ నీ చేతిలోదే కదా అన్నాడు. అంటే అక్కడ ఆస్తిని ఎవరూ లాక్కోలేదు, ఇమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ అధ్యాయాన్ని పట్టుకుని ప్రభుత్వ విధానం తయారుచేయడం కష్టం. అలాగని బైబిలు ప్రభుత్వానికి ఏమీ చెప్పదనీ, బీదల సంగతి మనిషి మనసుకే వదిలేసిందనీ అనేవాళ్లతో కూడా నేను కలవను. ఎందుకంటే పరిగె ఉంది. అది చట్టం. యజమాని మనసు మంచిదైనా కాకపోయినా ఆ వెన్నులు అతనివి కావు. నేను పరిగె దగ్గర ఆగింది అందుకే.

ఈ చిన్న హక్కును ఆస్తి పక్షంవాళ్లూ సోషలిస్టులూ కూడా భరించలేకపోయారు.

1787లో ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతం, టిమ్‌వర్త్ అనే ఊళ్లో మేరీ హౌటన్ అనే ఆమె కోసిన పొలంలో పరిగె ఏరుకుంది. యజమాని కోర్టుకెళ్లాడు. 1788లో తీర్పు వచ్చింది: పరిగె ఏరుకునే హక్కు ఇంగ్లండు చట్టంలో ఎవరికీ లేదు. న్యాయమూర్తుల్లో గౌల్డ్ ఒక్కడే ఒప్పుకోలేదు, మోషే ధర్మశాస్త్రాన్ని ఎత్తి చూపాడు. మోషే చట్టం మనల్ని కట్టడి చేయదు, బీదలను ఆదుకోవడం క్రైస్తవ దయకు తగినదే గానీ దాన్ని హక్కుగా అడగలేరు అన్నది మిగతావాళ్ల వాదన. ఆదివారం ఆదివారం బైబిలు చదివే దేశం అది! హక్కును దయ కిందికి మార్చేసి, ఆ దయకు క్రైస్తవమని పేరు పెట్టారు. ఇది నాకు చాలా కోపం తెప్పించే తీర్పు.

ఇక రెండోది. 1932 ఆగస్టు 7న సోవియట్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. సమష్టి పొలాల్లోంచి ధాన్యం తీస్తే అది సోషలిస్టు ఆస్తి దొంగతనం. శిక్ష కాల్చివేత. కనికరించదగ్గ కారణాలుంటే పదేళ్లకు తగ్గని ఖైదు, ఆస్తి జప్తు. అప్పటికే ఉక్రెయిన్‌లో, కజకిస్తాన్‌లో కరువు. ఆకలికి పొలంలో నాలుగు కంకులు కోసుకున్నవాళ్లూ, ఏరుకున్నవాళ్లూ ఈ చట్టం కింద జైళ్లకు వెళ్లారు. జనం దాన్ని కంకుల చట్టం అన్నారు. యజమాని పోయి ప్రభుత్వం వచ్చింది గానీ, వంగి ఏరుకునే మనిషికి పొలం ఓర మాత్రం దక్కలేదు. పేదల పేరు మీద వచ్చిన ప్రభుత్వం చేసిన పని ఇది, కాబట్టి దీన్ని ఇంకా గట్టిగా అడగాలి.

నాబోతు ద్రాక్షతోట కథ గుర్తుంది కదా. ఆ తోట మీద ఇశ్రాయేలు రాజు అహాబు కన్నుపడింది, తోట పోయింది, నాబోతు ప్రాణం పోయింది, ప్రవక్త ఏలీయా వచ్చి రాజును నిలదీశాడు. యజమానితో ఓరల దాకా కోయొద్దన్న గ్రంథమే, పొలం జోలికి రావద్దని రాజుకూ చెప్పింది. నాకు తెలిసినంతలో ప్రభుత్వం గురించి క్రైస్తవుడు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. పొలం ప్రభుత్వానిది కానక్కర్లేదు. ఏరుకోవడానికి వచ్చినవాళ్లను ఎవరూ తరిమేయకుండా చూడటం మాత్రం దాని పనే.

వ్యాఖ్య: ఓరలంటే ఎంత? ఎకరానికి ఇంత అని లేకపోతే యజమాని ఒక్క గెనెం పక్కన వదిలి సరిపెడతాడు.

నా జవాబు: మంచి ప్రశ్న. మూలంలో కొలత లేదు. ఎగ్గొట్టినవాడికి ఇంత శిక్ష అని కూడా లేదు. ఐగుప్తులో నువ్వూ దాసుడివే, గుర్తుంచుకో అని మాత్రం ఉంది. తర్వాత యూదు పండితులు కొలత పెట్టారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మ గ్రంథంలో దీనికే ఒక భాగముంది. ఓర అరవయ్యో వంతుకు తగ్గకూడదన్నారు. వెన్నుల లెక్క కూడా తేల్చారు. ఒకచోట రెండు రాలితే పరిగె, మూడైతే యజమానివి అని హిల్లేలు వర్గం. కాదు, మూడు కూడా బీదలవే, నాలుగైతేనే యజమానివి అని షమ్మయి వర్గం. ఒక్క వెన్ను కోసం అంత వాదించుకున్నారంటే నాకు వాళ్లమీద గౌరవం పెరిగింది. బీదవాళ్ల వాటాను ‘ఎంతో కొంత’ అని వదిలేయలేదు.

వ్యాఖ్య: పని చేయనివాడు తినకూడదని పౌలే రాశాడు. మరి రేషన్ బియ్యం, ఉచితాలు ఎలా సమర్థిస్తారు సార్?

నా జవాబు: థెస్సలొనీక రెండో పత్రికలో ఉన్నది ‘పని చేయ నొల్లని’ వాడి గురించి. ఒల్లకపోవడమంటే ఇష్టపడకపోవడం. పని దొరకనివాణ్ని, ఒంట్లో సత్తువ లేనివాణ్ని పౌలు అనలేదు. 1936 సోవియట్ రాజ్యాంగం 12వ అధికరణంలో ఈ వాక్యాన్ని పెట్టుకున్నారు, ఆ ‘ఒల్లని’ తీసేసి. మన మాటల్లోనూ అదే జారిపోతోంది, దయచేసి చూసుకోండి.

రేషన్ సంగతి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు ఊళ్లలో ఎన్ని పొయ్యిలు వెలిగాయో పెద్దవాళ్లను అడగండి. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు హక్కుగా రాసి ఉంది. నా దృష్టిలో ఇది పరిగె వరసలోదే. చేలోకి దిగే దారి మూసుకుపోయిన కాలంలో వాటా రేషన్ డిపో దగ్గర అందుతోంది, అంతే. ఒక్క తేడా ఉంది. రూతు ఏరుకున్న చోట యజమానీ, కూలీలూ, ఆమే ఒకే చేలో ఉన్నారు. మధ్యాహ్నం బోయజు ఆమెను పిలిచి కూలీల పక్కన కూర్చోబెట్టి తిండి పెట్టించాడు. డిపో ఆ పని చేయలేదు, దాన్ని చేయమని అడగడం కూడా న్యాయం కాదు. అది సంఘం చేయాల్సింది. ప్రభుత్వం బియ్యం ఇస్తోంది కదా అని మన చర్చిల్లో అందరం కలిసి తినే ప్రేమవిందులు వదిలేస్తే తప్పు మనదే.

చెల్లెమ్మా, పిల్లలకు చెప్పేటప్పుడు ఒక్కటి మరవద్దు: రూతును బిచ్చగత్తెలా చూపించకండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని చేసింది, తనదైన వాటా తెచ్చుకుంది. మీ వైపు పరిగెకు వేరే మాటేదైనా ఉంటే, వేరుశనగ చేలో మట్టిలో మిగిలిన కాయలు తవ్వుకోవడాన్ని ఏమంటారో తెలిస్తే, జిల్లా పేరుతో సహా ఇక్కడ రాయండి.