గన్‌స్మోక్ మొదటి ఎపిసోడ్ జాన్ వేన్ పరిచయంతో సహా ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. 1955 సెప్టెంబర్ 10న అమెరికా టీవీ ఛానల్ సీబీఎస్‌లో వచ్చిన కౌబాయ్ సీరియల్ గన్‌స్మోక్ మొదటి ఎపిసోడ్, ‘మ్యాట్ గెట్స్ ఇట్’, నాకు చాలా ఇష్టం. డాడ్జ్ సిటీ మార్షల్ (పోలీసు అధికారి) మ్యాట్ డిలన్ మొదటి కథలోనే తూటా తగిలి పడిపోతాడు! మన సినిమాల్లో అయితే ఒప్పుకుంటామా? అతన్ని కాల్చిన డాన్ గ్రాట్ మెరుపులా తుపాకీ తీస్తాడు కానీ గురి తక్కువ, అందుకే బాగా దగ్గరికొచ్చి కాలుస్తాడు. కోలుకున్నాక మ్యాట్ ఆ కిటుకు పట్టేసి, దూరంగా నిలబడి లెక్క తేలుస్తాడు.

నా దగ్గరున్న కాపీలో మొదట్లో హాలీవుడ్ నటుడు జాన్ వేన్ చెప్పే పరిచయం కోసేశారు. అదీ ఉన్న డీవీడీ ఏదో ఎవరికైనా తెలుసా? ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తప్పనిసరి, మా నాన్నకి ఆ యాస అర్థం కాదు. 1961లో గంటకి పెంచకముందు వచ్చిన అరగంట ఎపిసోడ్లలో ఇలాంటివి ఇంకేమైనా ఉంటే అవీ చెప్పండి.