సొంత ఆటలు పక్క కంపెనీకి ఇస్తున్నప్పుడు ఆ కన్సోల్ ఇంక కొనొచ్చా?

హన్మకొండ నయీంనగర్‌ల చిన్న గేమింగ్ షాపు నాది. మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆటల మిషన్లు (కన్సోల్‌లు), ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లు రెండు ఉన్నయి. శని, ఆదివారాలు సాయంత్రం 5 నుంచి 9 దాక పిలగాండ్లు నోట్‌బుక్కుల పేరు రాసి వరుసగ కూసుంటరు. మూడోది కొనక తప్పదు.

మొదట్ల ఎక్స్‌బాక్స్ తీసుకున్నదే మైక్రోసాఫ్ట్ సొంత కార్ల రేసు ఆట ఫోర్జా హొరైజన్ 5 కోసం. 2021ల వచ్చిన ఆ ఆట 2025 ఏప్రిల్‌ల సోనీ కంపెనీ పీఎస్5 (ప్లేస్టేషన్ 5) మీదికి కూడ వచ్చింది. నాకు సేగా అనే జపాన్ ఆటల కంపెనీ గుర్తొచ్చి గుబులైతున్నది. 2001ల అది తన మిషన్ డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపి ఆటలు చేసుడుకే పరిమితమైంది, దాని సోనిక్ ఆట పోయి పోటీ కంపెనీ నింటెండో మిషన్ల తేలింది. కంపెనీకి మంచిదే కావచ్చు, మిషన్ కొన్నోని సంగతేంది?

నెల రోజుల నోట్‌బుక్కు లెక్క తీసిన: పదిమందిల ఏడుగురు రెండిట్ల దొరికే ఆటలే అడిగిన్రు. దోస్తు పీఎస్5 వారం తెచ్చిపెట్టిన, గిరాకీ పెరగలే. సిరీస్ ఎస్‌కు డిస్క్ పెట్టే జాగ లేదు, అంటే కొన్న ఆటలు తిరిగి అమ్మరాదు. హైదరాబాద్‌ల రెండు దుకాణాలల్ల అడిగితే ఎవరి సరుకు వాళ్లు మంచిదన్నరు.

షాపు మీదైతే, వచ్చే 4 ఏండ్లు నడవాలంటే మూడోది మళ్ల ఎక్స్‌బాక్సే కొంటరా, పీఎస్5కు మారుతరా?