రెక్యూజంట్ అంటే తెలుగులో ఏమందాం?

చిత్తుప్రతి:
అందరికీ నమస్కారం. పదహారో శతాబ్దపు ఇంగ్లాండు మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అంతా బాగానే నడిచింది కానీ ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది: రెక్యూజంట్.

సందర్భం ఇది. మొదటి ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన కొత్తలో, 1559లో, ఒక చట్టం తెచ్చారు. ఆదివారాలూ పండగ రోజుల్లో ఊళ్ళోవాళ్ళంతా ప్రొటెస్టెంటు పద్ధతిలో జరిగే ఆరాధనకు రావాల్సిందే. రాకపోతే ఒక్కోసారికి 12 పెన్నీల జరిమానా. దాన్ని చర్చి పెద్దలు వసూలు చేసి ఆ పారిష్‌లోని, అంటే ఆ చర్చి కిందికొచ్చే ప్రాంతంలోని, బీదలకు ఇవ్వాలి. పాత మతంలోనే ఉండిపోయిన క్యాథలిక్కులు కొందరు వెళ్ళలేదు. 1581లో ఆ జరిమానా కాస్తా నెలకు 20 పౌండ్లయింది. ఒక కూలివాడు ఏడాదంతా చెమటోడ్చినా అంత రాదు. కట్టలేకపోతే జైలు, వస్తానని ఒప్పుకునేదాకా జైలే. ఈ మనుషుల్నే రెక్యూజంట్లు అన్నారు.

నాకు తోచినవి ధిక్కారి, అసమ్మతివాది, మతనిరాకర్త. ఏదీ అతకడం లేదు. మీకేమైనా తడితే చెప్పండి.

పాత బడిపంతులు:
ధిక్కారి వద్దమ్మా. ఆ మాట వినగానే పిడికిలెత్తిన మనిషి కళ్ళ ముందుకొస్తాడు. వీళ్ళలో చాలామంది చేసింది ఆదివారం పూట ఇంట్లో కూర్చోవడమే. థామస్ ట్రెషమ్ అనే జమీందారు ఉండేవాడు, నార్తాంప్టన్‌షైర్ వాడు. అతనూ, అతని తోటివాళ్ళూ రాణికి మేం విధేయులమే మొర్రో అని అర్జీలు పెట్టుకున్నారు. అలాంటివాళ్ళను ధిక్కారులంటే రాణిగారి మంత్రుల మాటే మనమూ అన్నట్టవుతుంది.

మతనిరాకర్త అయితే పూర్తిగా తలకిందులు. మతం వద్దన్నవాళ్ళు కాదు కదా వాళ్ళు, వదలం అన్నవాళ్ళు. లాటిన్‌లో రెకుసారే అంటే ఒప్పుకోకపోవడం, వద్దనడం. అంతవరకే.

మాటలమూట:
‘ససేమిరా’ అనే మాట మనకుండగా ఇంత తంటా ఎందుకు మేష్టారూ? ససేమిరావాదులు అనేద్దాం!

పాత బడిపంతులు:
నవ్వు తెప్పించావు నాయనా. ఆ మాట పుట్టుక తెలుసుగా? నమ్మి ఆశ్రయమిచ్చిన ఎలుగుబంటికి ద్రోహం చేసిన రాజకుమారుడు శాపం తగిలి మతిపోయి, ఆ నాలుగక్షరాలే పలవరిస్తూ తిరుగుతాడు. తర్వాత నాలుగు శ్లోకాల మొదటి అక్షరాలుగా అవి విడిపోతాయి. ఆ కథలో నిరాకరణ ఎక్కడా లేదు, తెలుగువాడి నోట్లో పడి ఆ అర్థం వచ్చింది. మాట బాగుంది కానీ అందులో కొంచెం వెటకారం ఉంది. జైల్లో మగ్గినవాళ్ళ మీద వేయలేం.

కోర్టు బీట్:
నేను హైకోర్టు వార్తలు రాస్తాను. ఈ మాట మా దగ్గర రోజూ తిరుగుతుంది. జడ్జిగారు ఒక కేసు వినను అని పక్కకు జరిగితే ఇంగ్లీషులో రెక్యూజ్ అయ్యారంటారు. ఆ రెకుసారే నుంచి వచ్చిందే. మేం మాత్రం ‘విచారణ నుంచి తప్పుకున్నారు’ అని రాస్తాం. ఆ లెక్కన వీళ్ళు తప్పుకున్నవాళ్ళు అవుతారేమో?

ఫిరంగిపురం:
కోర్టు బీట్ గారూ, మీరు తెలీకుండానే భలే మాట అన్నారండి! మా క్యాథలిక్కులకు విచారణ అంటే పారిష్. మా చర్చి ఫాదర్‌గారిని విచారణ గురువులు అంటాం. కాబట్టి మీ పేపరు వాక్యం మా అమ్మమ్మ చదివితే జడ్జిగారు చర్చి మానేశారనుకునేది. ఆ రెక్యూజంట్లు చేసింది అక్షరాలా అదే, విచారణ నుంచి తప్పుకోవడం!

సరదాకి అన్నా గానీ చిత్తుప్రతి గారు ఒక సంగతి గమనించాలి. ఆరాధన అనే మాట సరిగ్గా వాడారు. మన ఊళ్ళల్లో లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్‌ఐ వాళ్ళు లాంటి ప్రొటెస్టెంట్లు ఆరాధనకు వెళ్తారు. మేం పూజకు వెళ్తాం, పుస్తకాల్లో అయితే దివ్యబలిపూజ. ఈ తేడా మీ వ్యాసంలో నిలబెట్టండి. ఎక్కడైనా ‘పూజకు రాలేదని జరిమానా’ అని పొరపాటున పడిందంటే మొత్తం కథ తిరగబడుతుంది. ఎందుకంటే 1581 చట్టంలో పూజ చెప్పిన గురువుకి 200 మార్కుల (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క) జరిమానా, ఏడాది జైలు. పూజలో పాల్గొన్నవాళ్ళకు 100 మార్కులు, ఏడాది జైలు. అంటే ఆరాధనకు రాకపోతే తప్పు, పూజకు వెళ్తే తప్పు.

చిత్తుప్రతి:
ఇది చాలా ఉపయోగపడిందండీ, ధన్యవాదాలు. నా చిత్తులో రెండుచోట్ల ‘ప్రార్థన’ అని ఉంది, అది కూడా ఆరాధన చేస్తాను.

అసలు పూజ, ఆరాధనల తేడా వాళ్ళ నోటి మాటల్లోనే ఉంది. 1576లో యార్క్ నగర పెద్దలు రానివాళ్ళను పిలిపించి ఎందుకు రారని అడిగారు. ఆ జాబితాలో ఎక్కువమంది ఆడవాళ్ళు, ఊళ్ళో వ్యాపారం చేసుకునేవాళ్ళ భార్యలు. వాళ్ళు చెప్పిన కారణాలు నగర రికార్డులో రాసుకున్నారు. మనస్సాక్షి ఒప్పుకోదు, అక్కడ గురువు లేడు, బలిపీఠం లేదు, బలి లేదు అన్న ధోరణిలో ఉంటాయి.

మాటలమూట:
ఆడవాళ్ళే ఎందుకు ఎక్కువ?

చిత్తుప్రతి:
ఇంట్లో లెక్క అలా కుదిరింది. మొగుడు ఆదివారం పోయి చర్చిలో కూర్చుంటే ఆస్తి, పదవి, వ్యాపారం నిలబడతాయి. భార్య ఇంట్లో ఉండి పిల్లలకు పాత ప్రార్థనలు నేర్పుతుంది. చట్టానికీ ఇక్కడ చిక్కొచ్చింది. పెళ్ళయిన ఆడదాని పేర సొంత ఆస్తి ఉండదు, జరిమానా వేసి జప్తు చేయడానికి ఏముంది? అందుకే మనిషినే పట్టుకెళ్ళి లోపల వేశారు. చివరికి 1610లో నేరుగా చట్టమే చేశారు. భార్య రాకపోతే జైలు, లేదంటే భర్త నెలకు 10 పౌండ్లు కట్టి ఇంట్లో ఉంచుకోవచ్చు.

యార్క్‌లోనే మార్గరెట్ క్లిథెరో సంగతి చూడండి. భర్త జాన్ మాంసం వ్యాపారి, ప్రొటెస్టెంటు. భార్య తరఫున జరిమానాలు కడుతూ ఉండేవాడు. ఆమె మొదటిసారి జైలుకెళ్ళింది 1577లో, ఆరాధనకు రానందుకే. తర్వాత కూడా పూచీకత్తు మీద వదలడం, మళ్ళీ లోపల వేయడం జరిగాయి. చదువు రాని మనిషి, జైల్లో చదవడం నేర్చుకుంది! 1586లో గురువులకు ఇంట్లో ఆశ్రయమిచ్చిందని పట్టుకున్నారు. అప్పటికి అది ఉరిశిక్ష పడే నేరం. కోర్టులో నేరం చేశావా లేదా అంటే జవాబే చెప్పనంది. చెబితే విచారణ మొదలవుతుంది, పిల్లల చేత తల్లి మీద సాక్ష్యం చెప్పిస్తారు. జవాబు చెప్పనివాళ్ళకు అప్పటి శిక్ష, పడుకోబెట్టి మీద బరువులు పెట్టి నలిపేయడం. 1586 మార్చి 25న అలాగే చంపారు. ఆ ఏడాది యార్క్ మేయరు ఆమె సవతి తండ్రే.

కోర్టు బీట్:
చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది. ఇక్కడ విచారణ కోర్టు విచారణే కదా?

చిత్తుప్రతి:
కోర్టుదే. ఫిరంగిపురం గారి పుణ్యాన ఇకనుంచి ఆ మాట రాసినప్పుడల్లా టెన్షనే!

పాత బడిపంతులు:
ఈ కథలోనే నీక్కావలసిన మాట ఉందమ్మా. ‘జవాబు చెప్పనంది’ అని రాశావు. చెప్పలేదు అని రాయలేదు, చెప్పలేకపోయింది అనీ రాయలేదు. తెలుగులో ఈ మూడూ వేరువేరు. రాని, రాలేని, రానన్న. మూడింటిలోనూ మనిషి చర్చిలో లేడు. కానీ చట్టానికి కావలసింది మూడోవాడు.

షేక్స్‌పియర్ తండ్రి జాన్ సంగతి దీనికి సరిగ్గా పనికొస్తుంది. 1592లో స్ట్రాట్‌ఫర్డ్‌లో చర్చికి రానివాళ్ళ జాబితా రాసినప్పుడు అతని పేరూ చేరింది. ఇంకొందరితో కలిపి అతని పక్కన రాసిన కారణం, అప్పులవాళ్ళు పట్టుకుంటారన్న భయం వల్ల రావడం లేదని. బాకీదారుణ్ణి చర్చి దగ్గర దొరకబుచ్చుకోవడం తేలిక మరి. ఆ కారణం నిజమా, లోపల క్యాథలిక్కా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. అధికారులు మాత్రం అతణ్ణి రాలేనివాళ్ళ గుంపులో వేశారు. మార్గరెట్ రానన్న మనిషి. రెక్యూజంట్‌కు నా ఓటు ‘రానన్నవారు’.

మాటలమూట:
మేష్టారూ, మాట ముద్దుగా ఉంది గానీ మరీ మెత్తగా లేదూ? పెళ్ళికి పిలిస్తే రానన్నవాడిలా వినిపిస్తోంది. జరిమానా, జైలు, జప్తు ఆ మాటలో ఎక్కడ కనబడతాయి?

పాత బడిపంతులు:
ఇంగ్లీషు మాటలో మాత్రం కనబడతాయా? అదీ వద్దన్నవాడు అనే. బరువంతా చట్టం తెచ్చిపెట్టింది. 1587లో జరిమానా కట్టనివాళ్ళ భూముల్లో మూడింట రెండు వంతులు రాణి పరం చేసుకోవచ్చన్నారు. 1593 చట్టానికైతే పేరులోనే ఈ మాట పెట్టారు. ఆ చట్టంతో రెక్యూజంటు ఇంటి నుంచి అయిదు మైళ్ళు దాటి పోకూడదు. మాట మెత్తగానే ఉండనీ. అంత మెత్తని పనికి అంత శిక్ష పడిందన్న సంగతి చదివేవాడికి అప్పుడే తగులుతుంది.

కోర్టు బీట్:
దీనికి నేనూ ఓటేస్తా. కానీ ఒక సందేహం. మనసులో ఏముందో అడక్కుండా చర్చిలో కూర్చోవడం మీద ఇంత పట్టుదల దేనికి? వచ్చి కునుకు తీసి పోయినా చాలన్నమాట!

చిత్తుప్రతి:
దాదాపు అంతే. 1570లో పోపు అయిదో పయస్ ఎలిజబెత్‌ను వెలివేసి, ఆమెకు విధేయులుగా ఉండనక్కర్లేదని ఆమె ప్రజలకు ఆజ్ఞ ఇచ్చాడు. అప్పట్నుంచి ప్రభుత్వం క్యాథలిక్కు అంటే అటు పోపు మనిషా, ఇటు రాణి మనిషా అని చూడటం మొదలుపెట్టింది. మనసు తెరిచి చూడలేరు కదా, చర్చి హాజరే కొలత అయింది. 1580లో దొంగచాటుగా వచ్చిన జెసూయిట్ అనే క్యాథలిక్ సంఘం గురువులు కూడా అటునుంచి అదే మాట బిగించారు, ఆరాధనకు వెళ్ళడం పాపమని. దాంతో మొక్కుబడిగా పోయి కూర్చునేవాళ్ళు రెండువైపులా చెడ్డయ్యారు. వాళ్ళను ఇంగ్లీషులో చర్చ్ పాపిస్టులని, అంటే చర్చికొచ్చే పోపు మనుషులని, వెక్కిరించేవారు. ఇది ఇంకో తలనొప్పి. దీన్నేం చేయను?

ఫిరంగిపురం:
పాపిస్టు అని మాత్రం రాయకండి మహాప్రభో! మా వాళ్ళు పోపుగారిని పాపుగారు అంటారు, మిగతా తెలుగువాళ్ళు మాత్రం పాపిస్టు అనగానే పాపిష్ఠి అని చదివేస్తారు. ఇంగ్లీషులో అది తిట్టే అనుకోండి, కానీ ఇంత పెద్ద తిట్టు కాదు.

మాటలమూట:
‘హాజరు క్యాథలిక్కులు’ అంటే? పేరు పలికితే ప్రెజెంట్ సార్ అనేవాళ్ళు.

పాత బడిపంతులు:
శభాష్. రానన్నవారికి హాజరువారు సరైన జోడీ. దీనికి వెటకారం ఉన్నా పర్లేదు, మూలంలోనూ ఉంది.

కోర్టు బీట్:
జైళ్ళ పేర్లు ఎలా రాస్తున్నారు? లండన్‌లో క్లింక్ అని ఒకటుండేది. ఇప్పటికీ ఇంగ్లీషువాళ్ళు జైలుని మాటవరసకు క్లింక్ అంటారు, మనం శ్రీకృష్ణ జన్మస్థానం అన్నట్టు.

చిత్తుప్రతి:
పేర్లు ఉన్నదున్నట్టే ఉంచాను. క్లింక్, ఫ్లీట్, యార్క్ కోట. గురువుల్ని విడిగా విజ్‌బీచ్ కోటలో పెట్టేవారు. క్లింక్ సౌత్‌వార్క్‌లో వించెస్టర్ బిషప్పు జైలు. దాన్ని 1780లో అల్లరిమూకలు తగలబెట్టాయి. ఆ అల్లర్లు రేగిందేమో క్యాథలిక్కులకు కొంత వెసులుబాటు ఇచ్చారన్న కోపంతో! వాళ్ళను బంధించిన జైలునే వాళ్ళ మీది కోపంతో కాల్చారు.

ఫిరంగిపురం:
ట్రెషమ్ గురించి కూడా రాస్తున్నారా? మేష్టారు ఎత్తిన ఆ జమీందారు. ఆయన కట్టిన ముక్కోణపు ఇల్లు ఫొటోల్లో చూశాను, వింతగా ఉంటుంది.

చిత్తుప్రతి:
ఉందండీ, పెద్ద పేరానే. 1581లో జైలుకెళ్ళాడు, తర్వాత ఏళ్ళ తరబడి జైళ్ళూ గృహనిర్బంధాలూ. జరిమానాల కింద మొత్తం దాదాపు 8,000 పౌండ్లు కట్టాడు. బయటపడ్డాక 1593లో రష్టన్‌లో ఆ ఇల్లు మొదలుపెట్టి 1597కి ముగించాడు. మూడు గోడలు, ఒక్కోటి 33 అడుగులు, మూడు అంతస్తులు, అంతస్తుకి ఒక్కో వైపు మూడేసి కిటికీలు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వానికి గుర్తు. తన విశ్వాసాన్ని రాతితో చాటాడన్నమాట. పైగా లాటిన్‌లో ట్రెస్ అంటే మూడు, అతని ఇంటి పేరులో ముందున్నదీ ట్రెస్సే. తలుపు మీద ‘ముగ్గురు సాక్ష్యమిస్తున్నారు’ అనే బైబిలు వాక్యం లాటిన్‌లో చెక్కించాడు. చదివేవాడు ట్రెషమ్ సాక్ష్యమిస్తున్నాడు అనీ చదువుకోవచ్చు. ఈ శ్లేష తెలుగులోకి తేవడం నా వల్ల కాలేదు, వివరణ ఇచ్చి ఊరుకున్నాను.

పాత బడిపంతులు:
మంచి పని చేశావు. రాని శ్లేషను బలవంతాన లాగితే చూడలేం.

మాటలమూట:
ఒక అనుమానం. చర్చికి రానన్నవాళ్ళలో క్యాథలిక్కులు కానివాళ్ళు లేరా?

చిత్తుప్రతి:
ఉన్నారు. రాణిగారి చర్చి ఇంకా సరిగ్గా శుద్ధి కాలేదని విడిపోయిన ప్రొటెస్టెంట్లు. 1593లోనే వాళ్ళ మీద విడిగా ఇంకో చట్టం వచ్చింది. ఆరాధనకు రానంటే జైలు, మూడు నెలల్లో లొంగకపోతే దేశం విడిచి పోవాలి. అందుకే నా వ్యాసంలో మొదటిసారి ‘రానన్న క్యాథలిక్కులు’ అని పూర్తిగా రాసి, తర్వాత ఉత్త రానన్నవారు అంటాను. వాక్యం ఇలా వచ్చింది, చూడండి:

‘ఆరాధనకు రానన్న క్యాథలిక్కులకు 1581 నుంచి నెలకు 20 పౌండ్ల జరిమానా విధించారు. నాలుగు వారాలను ఒక నెలగా లెక్కగట్టేవారు కాబట్టి ఏడాదికి 13 నెలలయ్యేవి, మొత్తం 260 పౌండ్లు.’

కోర్టు బీట్:
వాక్యం బాగుంది. పదమూడో నెల సంగతి మాత్రం మా ఇంటి ఓనరుకు చెప్పకండి.

ఫిరంగిపురం:
‘ఆరాధనకు’ ముందు ‘ప్రొటెస్టెంటు’ చేర్చండి. లేకపోతే రెండో పేజీ తెరిచినవాళ్ళకు ఏ ఆరాధనో తెలీదు.

చిత్తుప్రతి:
చేర్చాను.