మొదటి హెడ్‌ఫోన్స్ కొంటున్నాను, కాస్త సలహా ఇవ్వండి

ఇన్నాళ్లూ మామూలు ఇయర్‌ఫోన్స్‌తోనే పాటలు విన్నాను. ఈమధ్య ఫ్రెండ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వందసార్లు విన్న పాటే మళ్లీ వింటే, వెనకాల ఎప్పుడూ గమనించని వీణ స్పష్టంగా వినపడింది, అప్పటి నుంచి నాకూ ఒక జత కావాలని గట్టిగా ఉంది. బడ్జెట్ మాత్రం తక్కువ.

ఎక్కువగా ప్రయాణాల్లో వాడతాను, బయటి గోల లోపలికి రాకూడదు, నా పాట పక్కవాళ్లని ఇబ్బంది పెట్టకూడదు, అందుకే క్లోజ్డ్ బ్యాక్ (కప్పుల వెనక భాగం మూసి ఉండేవి) అనుకుంటున్నాను. 1984 నుంచి వస్తున్న కాస్ పోర్టా ప్రో అనే హెడ్‌ఫోన్ మోడల్ నాకు చాలా నచ్చింది, తేలిక, మడతపెట్టుకోవచ్చు, కానీ అది ఓపెన్ రకం కదా, శబ్దం లోపలికీ బయటికీ వెళ్తుంది, అక్కడే ఆగిపోయాను.

వైర్ అయితే అదే డబ్బుకి సౌండ్ బాగుంటుందని, ఛార్జింగ్ టెన్షన్ ఉండదని నా ఉద్దేశం. నా ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ లేదు, యూఎస్‌బీ సీ అడాప్టర్ పెట్టుకోవాలి. చిన్న అడాప్టర్‌తో సరిపడా వాల్యూమ్ రావాలంటే ఇంపీడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్ ఇచ్చే అడ్డు) 32 ఓమ్స్ దగ్గర్లో ఉన్నది చూసుకుంటే చాలా, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) కూడా చూడాలా?

ఇంకొకటి, నేను కళ్లద్దాలు పెట్టుకుంటాను. చెవి మీద ఆనేవి గంటసేపటికి నొప్పి పుట్టిస్తాయా? చెవి మొత్తం కప్పేవి బ్యాగులో పెట్టుకు తిరగడానికి మరీ పెద్దవవుతాయా? రోజూ వాడుతున్నవాళ్లు చెప్పండి, ప్లీజ్. మెత్తలు, కేబుల్ పాడైతే విడిగా మార్చుకోగలిగే మోడల్ అయితే ఇంకా మంచిది.